మామూలు పెట్రోలే చాలు

కర్నూలు
1956 ఫిబ్రవరి

చిరంజీవి ఓబులేసును మామ మద్దిలేటి దీవించి వ్రాయునది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వడిగింది అంత చిన్న సంగతి. కడప బంకులో ఇప్పుడు రెండు చేతిపంపులున్నాయని, ఒకదాంట్లో మామూలు పెట్రోలు, రెండోదాంట్లో మద్రాసు నుంచి కొత్తగా వస్తున్న ఎక్కువ రకం అమ్ముతున్నారని, పశువుల ఆసుపత్రివారు నీకిచ్చిన కొత్త మోటారు సైకిలుకు ఏది పోయించాలో తెలియడం లేదని రాశావు. మీ నాయన పోయిన తర్వాత నిన్ను పెంచింది నేను. ట్యాంకు మీద కూర్చోబెట్టుకొని బురుజు చుట్టూ తిప్పింది నేను. అట్లాంటివాడివి బంకు ముందు నిలబడి అటా ఇటా అని చూస్తున్నావంటే తప్పు నా పెంపకానిదే. అందుకని రాస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన దగ్గర్నుంచి ఊరి సంగతి చెప్పనక్కర్లేదు. గుడారాల్లో ఆఫీసులు, గుడారాల ముందు మోటారు సైకిళ్లు, వాటి పక్కన వాటిని గురించి ఏమీ తెలియని మనుషులు. వాళ్లంతా సాయంత్రమయ్యేసరికి బంకు ముందు నా బెంచీ దగ్గరికి వస్తారు. ఒకాయనకు క్లచ్చి పట్టదు, ఒకాయనకు పొగ ఎక్కువ. నేను చెప్పింది విని పోతారు. ఎవరూ తిరిగొచ్చి బాగుపడలేదని చెప్పలేదు. మీ గిడ్డమ్మత్త దానికి వేరే అర్థం చెబుతుంది. అది ఇక్కడ రాయను.

యుద్ధంలో నేను బెంగుళూరు మిలిటరీ షెడ్డులో ఉన్నప్పుడు మోటారు సైకిళ్లు ఏది పోస్తే అది తాగేవి. సగానికి సగం కిరసనాయిలు కలిపినా పరుగెత్తేవి. మా షెడ్డులో వంటవాడొకడు ఉండేవాడు. వాడికి ఉప్మా చేయడం రాదు గాని, ఏ డబ్బాలో ఏ నూనె ఉందో మూత తీయకుండా వాసన పట్టేవాడు. వాడు ఒకసారి మేజరు బండిలో దీపాలకు పోసే నూనె పోశాడు. ఆ బండి మేజరును తీసుకుపోయి తీసుకొచ్చింది. ఎక్కడున్నాను? పెట్రోలు దగ్గర.

బండితో వచ్చిన పుస్తకంలో ఎక్కువ రకమే పోయాలని ఉందన్నావు. ఆ పుస్తకం రాసింది చలిదేశంలో. అక్కడి చలికి పెట్రోలు నీరసపడుతుంది కనక దానికి బలం కావాలి. మన కడప ఎండలో మామూలు పెట్రోలే ట్యాంకులో కాగి కాగి గట్టిపడుతుంది. దానికి ఇంకా బలం ఎందుకు? పైగా మీ పక్క ఎక్కువ రకం కడపలో తప్ప దొరకదు. బద్వేలు పక్కకు పోయినప్పుడు ఏం చేస్తావు? మామూలు పెట్రోలే చాలు. ధైర్యంగా పోయించు.

మీ మామ,
మద్దిలేటి

కడప
1956 మార్చి

మామకు ఓబులేసు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే మామూలుది పోయిస్తున్నాను. బండి బాగా పోతోంది. ఒక్కటే అనుమానం. ఎగువకు ఎక్కేటప్పుడు, ఎండ ముదిరినప్పుడు, ఇంజనులో గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడు వస్తోంది. దిగువకు వస్తే పోతుంది. పుస్తకంలో ఆక్టేను అనే మాట ఉంది, దాని పక్కన ఒక అంకె ఉంది. ఆక్టేను అంటే ఏమిటి మామా? ఇక్కడ అడుగుదామంటే, మోటారు సైకిలు వచ్చిన మర్నాడే మా మామకు అన్నీ తెలుసని అందరికీ చెప్పేశాను.

ఇక్కడ పని ఎక్కువైంది. పశువులు నోరు పూసి, పారుకొని చచ్చిపోయే ముసర రోగం బద్వేలు దాటి వస్తోంది. టీకా మందును ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకొని పోవాలి. ఐసు కరిగితే మందు నీళ్లతో సమానం. అందుకే బండి ఇచ్చారు.

లంకమల అవతల నల్లగుట్టపల్లె అని ఒక ఊరుంది. టీకా వేస్తే పాలు ఎండిపోతాయని, కాడి కింద నడవవని వాళ్లు ఒప్పుకోలేదు. మూడుసార్లు పోయి చావడిలో కూర్చున్నాను. చివరికి పెద్ద ఈరన్న అనే రైతు, ఊళ్లో మాట చెల్లేవాడు, సరేనన్నాడు. వచ్చే నెలలో ఒక రోజు అనుకున్నాం. ఆ రోజు ఊరి పశువులన్నీ మేతకు తోలకుండా ఒకచోట చేర్చి పెడతామన్నారు. పొద్దెక్కకముందే వస్తానని మాటిచ్చాను. నా ఉద్యోగంలో ఇదే మొదటి పెద్ద ఊరు. ఇది కుదిరితే చుట్టుపక్కల ఊళ్లు వాటంతట అవే వస్తాయి.

అత్త మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి?

మీ ఓబులేసు

కర్నూలు
1956 మార్చి

చిరంజీవి ఓబులేసుకు.

గులకరాళ్ల చప్పుడు అన్నావు. భయపడ్డాననుకున్నావా? నవ్వుకున్నాను. కొత్త ఇంజను గొంతు సవరించుకుంటోంది. లోపల వాల్వులు కుదురుకునేదాకా అట్లాగే అంటుంది. కొత్త కిర్రుచెప్పులు మాట్లాడవా? అయితే చెప్పులను తిడతామా? ఎగువన ఆ చప్పుడు వస్తే ఇంకాస్త గట్టిగా తిప్పు. సిగ్గు వదిలి పాడుతుంది.

ఆక్టేను అంటే పెట్రోలుకు ఇచ్చే హోదా. ఉద్యోగుల్లో గెజిటెడ్, నాన్ గెజిటెడ్ ఉన్నట్టు. పని చేసేది ఎప్పుడూ నాన్ గెజిటెడే. ఈ ముక్క మొన్న బెంచీ దగ్గర చెబితే సెక్రటేరియట్ గుమాస్తా ఒకాయన పడీ పడీ నవ్వి, నాకు టీ ఇప్పించాడు.

నల్లగుట్టపల్లె సంగతి అత్తకు చదివి వినిపించాను. "పిల్లోడు శానా పెద్దపని నెత్తికెత్తుకున్యాడే" అంది. అది మెచ్చుకోవడమే, దాని ముఖం చూస్తే అట్లా అనిపించదు గాని.

అత్త మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. వాటికీ ఏదో ఒకటి చెప్పాను. వినలేదు.

మీ మామ,
మద్దిలేటి

కడప
1956 ఏప్రిల్

మామకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. బండి బాగుంది. నల్లగుట్టపల్లె పని అయిపోయింది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. అత్తను అడిగినానని చెప్పండి.

ఓబులేసు

కర్నూలు
1956 మే

చిరంజీవి ఓబులేసుకు.

నీ ఉత్తరం నాలుగు ముక్కలే ఉంది. పని ఒత్తిడి అనుకున్నాను. అత్త మాత్రం దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఏమప్పా, ఇంతేనా రాసిండేది?" అని రెండుసార్లు అడిగింది. ఆమెకు అక్షరాలు రావు. కాగితం ఎంత ఖాళీగా ఉందో చూడ్డం వచ్చు.

నాకైతే సంతోషమే. బెంచీ దగ్గర ఇప్పుడు నీ బండి కథే నడుస్తోంది. కడప ఎండలో, లంకమల ఎగువలో, మామూలు పెట్రోలుతో, ఐసు కరగకుండా మందు చేర్చిన బండి. కాస్త పెంచి చెప్పానేమో. లంకమలను అహోబిలమంత ఎత్తు చేశాను. కథన్నాక కొండలు పెరుగుతాయి.

ఇంతలో ఒక ముచ్చట జరిగింది. హనుమన్న అని బేతంచెర్ల పిల్లవాడు, నీలాగే పశువుల టీకాలవాడు, బెంచీ దగ్గరికి వచ్చాడు. వాడికీ నీ రకం బండే ఇచ్చారట. పుస్తకంలో ఎక్కువ రకం అని ఉంది, ఏం చేయాలి పెద్దాయనా అని అడిగాడు. నీ పేరు చెప్పి, మామూలుదే పోయించమన్నాను. మారుమాట లేకుండా పోయించుకొని పోయాడు. వచ్చే నెల నుంచి నాపరాళ్ల గనుల చుట్టూ ఉన్న పల్లెల్లో తిరుగుతాడట. బాడుగ ఎద్దులన్నీ అక్కడే ఉన్నాయి.

ఎప్పుడన్నా వాణ్ణి కలిస్తే పలకరించు. మంచివాడు. పెద్దల మాట వింటాడు.

మీ మామ,
మద్దిలేటి

కడప
1956 మే

మామకు ఓబులేసు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివిన పూటనే రాస్తున్నాను. ముందు హనుమన్నను ఆపండి. ఎక్కువ రకమే పోయించుకోమనండి. తక్కినది తర్వాత చదవండి.

నేను అబద్ధం రాశాను. నల్లగుట్టపల్లె పని కాలేదు.

ఆ రోజు పొద్దున్నే బయలుదేరాను. ఫ్లాస్కు నిండా ఐసు పెట్టాను. సిద్ధవటం దాటి లంకమల ఎగువ ఎక్కేటప్పుడు గులకరాళ్ల చప్పుడు మొదలైంది. మీరన్నట్టే ఇంకాస్త గట్టిగా తిప్పాను. చప్పుడు పెద్దదైంది. తర్వాత ఒక్కసారిగా బండి సత్తువ పోయి, తెల్లగా పొగ వదిలి నిలిచిపోయింది. మళ్లీ పలకలేదు. నీడ లేదు. బస్సు ఎప్పటికో గాని రాదు. ఫ్లాస్కును కండువాలో చుట్టి చంకన పెట్టుకొని నడిచాను. కట్టెల బండి ఒకటి కలిస్తే ఎక్కాను. దారిలో ఫ్లాస్కు ఊపి చూస్తే ఐసు గలగల తగ్గుతూ వచ్చింది. ఇంకొంత దూరం పోయాక గలగల లేదు, నీళ్ల చప్పుడే ఉంది.

ఊరికి చేరేసరికి పొద్దు వాలింది. వాళ్లు మాట తప్పలేదు మామా. ఊరి పశువులన్నీ వంక పక్కన బీట్లో ఉన్నాయి. నేను పొద్దున్నే వస్తానన్నానని మేతకు తోలలేదు. అన్నీ ఒకే తొట్టిలో నీళ్లు తాగినాయి. వాటిలో రెండుమూడు ముందే నోట్లో పుళ్లు పడినవి ఉన్నాయి. టీకా వేయిస్తే నయమవుతుందని వాటినీ తోలుకొచ్చినారు. మామూలు రోజైతే అవి వాటి దొడ్లలోనే ఉండేవి.

పెద్ద ఈరన్న నన్నేమీ అనలేదు. "పొద్దన్నుంచి నిలబెట్టినాం సామీ. ఇప్పుడు ఇండ్లకు తోలుకోవచ్చునా?" అన్నాడు. తోలుకోమన్నాను.

మళ్లీ మందు తెప్పించేసరికి ఊరంతా రోగం పాకింది. ఎన్ని పోయినాయో అడిగే ముఖం నాకు లేదు. ఆఫీసరు మాత్రం బండ్లన్నాక చెడతాయయ్యా అని సర్దేశాడు. ఎవరూ నన్ను శిక్షించలేదు.

ఇంజను విప్పితే పిస్టను నెత్తిన బొక్క పడి ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి, నిఘంటువు ముందు పెట్టుకొని బండి పుస్తకం మొదటి నుంచి చదివాను. కొత్త ఇంజను పెట్రోలు ఆవిరిని పాతవాటికంటే గట్టిగా నొక్కుతుందట. ఆ నొక్కుడుకు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే లెక్కే ఆక్టేను. ఓర్చుకోలేని పెట్రోలు వేళ కాకముందే లోపల పేలుతుంది. ఆ పేలుడే గులకరాళ్ల చప్పుడు. ఎండ ఎక్కువైతే ఇంకా ఎక్కువట. అంతా నాలుగు పేజీల్లో ఉంది. ఫిబ్రవరిలోనే చదవవలసింది. చదవడం కంటే మిమ్మల్ని అడగడం నాకు సుళువైంది.

మీకు ఎట్లా రాయాలో తెలియలేదు. నా బండిని గురించి బెంచీ దగ్గర చెప్పుకుంటారని తెలుసు. చెప్పుకోనీలే అనుకున్నాను. హనుమన్న పేరు చూసేదాకా అది మర్యాద అనుకున్నాను.

మీ ఓబులేసు

బేతంచెర్ల రైల్వే స్టేషను
1956 జూన్

ఓబులేసుకు.

కార్డు ముక్క. డోను దగ్గర రైలు మారి నిన్న వచ్చాను. హనుమన్నను రాళ్ల లారీల మధ్య పట్టుకున్నాను. వాడి బండిలో చప్పుడు అప్పటికే మొదలైందట, గొంతు సవరించుకుంటోందని నవ్వాడు. అది నా మాటే. ఉన్న పెట్రోలు తీయించి, ఎక్కువ రకం ఎక్కడ దొరుకుతుందో కనుక్కొని, లారీవాళ్ల ద్వారా తెప్పించే ఏర్పాటు చేశాను. బండికి ఇంకా ఏమీ కాలేదు.

ఎందుకు మార్చాలి పెద్దాయనా అని అడిగాడు. కడప నుంచి కొత్త ఆర్డరు వచ్చిందన్నాను.

ఆర్డరు అన్నాను, ఓబులేసూ. నల్లగుట్టపల్లె పేరు నోటికి రాలేదు. వాడు నాకు టీ తాగించి, స్టేషను దాకా వచ్చి, ఇంత దూరం వచ్చి చెప్పినందుకు చేతులు జోడించాడు. ఆ నమస్కారం తీసుకొని కూర్చున్నాను. రైలు ఆలస్యం.

మద్దిలేటి

బద్వేలు
1956 జూన్

చిరంజీవి ఓబులేసుకు.

నీకు చెప్పకుండా వచ్చాను. కడపలో దిగి కూడా నీ ఇంటికి రాలేదు. వస్తే నువ్వు నన్ను ఆపుతావు, నేను ఆగిపోతాను.

బేతంచెర్ల నుంచి ఇంటికి పోయాక అత్తకు నీ ఉత్తరం చదివి వినిపించాను. చివరి దాకా విని, "తెలీదు అనే మాట నీ నోట్లో యాడన్నా ఉండాదేమో చూడు" అంది. అంతే. అన్నం పెట్టింది.

నిన్న శెనక్కాయల బండి మీద నల్లగుట్టపల్లె చేరాను. కోటు వేసుకొని పోయాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు, క్షమించమని అడగడానికి పోయేవాడికి కోటెందుకు? ఆ ఎండలో అది విప్పడానికీ సిగ్గైంది. చావడిలో నలుగురైదుగురు ఉన్నారు. ఎవరికోసమని అడిగితే పెద్ద ఈరన్న కోసమన్నాను. ఆయన చేలో ఉన్నాడు. ఎద్దు లేక కొడుకూ తానూ కాడి పట్టి గుంటక లాగుతున్నారు. కబురు పంపితే వచ్చాడు. భుజం మీద కాడి ఒరిసిన గుర్తు ఉంది. అది ఎద్దు మెడకు ఉంటుంది, మనిషికి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

నేను చెప్పవలసింది దారిపొడుగునా కూడబలుక్కున్నాను. యుద్ధం నుంచి మొదలుపెట్టి, బెంగుళూరు షెడ్డు మీదుగా, చలిదేశం, ఎండదేశం అన్నీ చెప్పి, చివరికి తప్పు పిల్లవాడిది కాదు, నాది అని తేల్చాలని. మొదలుపెట్టాను కూడా. షెడ్డు దాకా వచ్చేసరికి ఈరన్న నా ముఖం వైపు చూడ్డం మానేసి నేల వైపు చూస్తున్నాడు. గబగబా చివరికి వచ్చేశాను. ఆ రోజు బండి ఆగిపోయింది నేను చెప్పిన పెట్రోలు వల్ల, వాడు నా మాట విన్నాడు, అంతే అన్నాను.

అప్పుడు ఆయన తలెత్తాడు. "పెట్రోలు సంగతి మాకేం తెలుసునప్పా? వస్తానన్నోడు రాలేదు. మేం నిలబెట్టినాం. మాకు తెలిసిండేది అంతే."

అరుగు కింద భీమమ్మ అని ఒకామె కూర్చొని ఉంది. ఆమె పాడి ఆవులూ కాడెద్దులూ అన్నీ పోయినాయని తర్వాత తెలిసింది. ఆమె అడిగింది: "ఏం ముసలాయనా, పెట్రోలు నీకు తెలుసని ఎవురు జెప్పినారు?"

"నేనే చెప్పుకున్నానమ్మా" అన్నాను.

"అట్లనా" అంది. ఆమె పక్కనున్నాయన నవ్వాడు. తర్వాత ఇంకొకాయన నవ్వాడు. ఎగతాళి కాదు. నిజంగానే నవ్వొచ్చింది వాళ్లకు. నా బెంచీ దగ్గర కూడా ఇట్లాగే నవ్వుతారు. అప్పుడు నేను కూడా నవ్వుతాను.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులున్నాయి. తప్పు నెత్తిన వేసుకుందామని ఇంత దూరం పోతే అక్కడ దాన్ని నా చేతికిచ్చేవాడు లేడు. వాళ్లకు దానితో పనిలేదు. నేను పోయింది కూడా నా కోసమే అని తిరిగొచ్చేటప్పుడు అర్థమైంది. ఇది ఎవరికీ చెప్పకు. లేకపోతే చెప్పు. నీ ఇష్టం.

ఊళ్లో రోగం తగలనివి కొన్ని మిగిలాయి. కొందరు అప్పో సొప్పో చేసి కొత్తగా తెచ్చుకున్నారు. వాటికి టీకా పడకపోతే అవీ నిలవవు. మా పిల్లవాడు మళ్లీ మందు తీసుకొస్తాడు, రానిస్తారా అని అడిగాను. "రానీ. దావ ఎవురూ మూయలేదు" అన్నాడు ఈరన్న. వస్తే పశువులను చూపుతామని మాత్రం అనలేదు. అనమని నేనూ అడగలేదు. నువ్వు పో. ఒకచోట చేర్చమని అడగవద్దు. ఇంటింటికీ పోయి, దొడ్డి బయట నిలబడి అడుగు. ఇది కూడా సలహానే. ఇది నాకు తెలిసి చెబుతున్నానో లేదో నాకే తెలియడం లేదు. నీ పైవాళ్లను అడిగి చెయ్యి.

హనుమన్నకు ఈ పూట ఉత్తరం రాశాను. ఆర్డరు ఏదీ రాలేదని రాశాను.

మద్దిలేటి

కడప
1956 జూలై

మామకు ఓబులేసు నమస్కారాలు.

మీరు పోయినట్టు నల్లగుట్టపల్లెలోనే తెలిసింది. కోటు వేసుకున్న ముసలాయన నీకేమవుతాడని అడిగారు. మా మామ, నన్ను పెంచినాయన అన్నాను.

నిన్న పోయాను. కొత్త పిస్టను వేయించిన బండిలో ఎక్కువ రకం పోయించాను. లంకమల ఎగువలో బండి చప్పుడు చేయలేదు. ఐసు గట్టిగా ఉండగానే ఊరు చేరాను. ఇంటింటికీ పోవచ్చని ఆఫీసరు కూడా అన్నాడు, అట్లాగే పోయాను. ఎవరూ కోప్పడలేదు. మంచినీళ్లు ఇచ్చారు. పశువులు మేతకు పోయినాయన్నారు. కొన్ని దొడ్లలో కట్టేసే ఉన్నాయి, నాకు కనబడుతున్నాయి. అయినా మేతకు పోయినాయనే అన్నారు. సరేనని ముందుకు పోయాను. పెద్ద ఈరన్న ఇంటికి తాళం వేసి ఉంది.

ఊరి చివర రాహేలమ్మ అని ఒక ముసలామె ఉంది. ఆమె చూడి బర్రెను వేపమొద్దుకు కట్టి పట్టుకుంది. దానికి టీకా వేశాను. తక్కిన మందును ఐసు కరిగినాక వంక ఒడ్డున గుంత తీసి పారబోసి, మన్ను కప్పి వచ్చాను.

మీ ఓబులేసు